నలగని పిల్లర్

జూన్ 3, సోమవారం

కొత్త షాఫ్ట్‌లో మొదటి రోజు. సెక్షన్ మేనేజర్ పేరు గెరిట్. రాళ్ళ సంగతి చూడటానికి పంపింది నిన్నేనా, రస్టెన్‌బర్గ్ మొత్తంలో ఇంకెవరూ దొరకలేదా అన్నాడు. జోకట. నవ్వాను.

తవ్వకం జరుగుతున్న ఆరో ప్యానెల్‌లోకి పాకుతూ వెళ్ళాను. ప్లాటినం ఉన్న పొర సన్నం, అందుకే తవ్విన చోటూ సన్నమే. నిలబడితే తల పగులుతుంది. కప్పుని మోయడానికి తవ్వకుండా వదిలిన రాతి పిల్లర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. అన్నీ చక్కగా నలిగి ఉన్నాయి. పెచ్చులూడి, పగుళ్ళిచ్చి, గోటితో గీకితే రాలుతున్నాయి. మనసు కుదుటపడింది. పద్నాలుగో పిల్లర్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. దాని మీద ఒక్క గీత లేదు. అప్పుడే కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది.

దానికి వీపులు ఆనించి ఐదుగురు మగాళ్ళు ఒంగి కూర్చుని రొట్టె తింటున్నారు. మధ్యలో మా రపులా మావయ్య. అమ్మకి తమ్ముడు, ఆ టీముకి పెద్ద, నాన్న పోయాక నన్ను చదివించినవాడు. నేను మేనకోడలినని బయటపడకుండా, రండి మేడమ్, వచ్చి చేరబడండి, ఈ గని మొత్తంలో నమ్మకమైన రాయి ఇదొక్కటే అన్నాడు. మిగతావాళ్ళు జరిగి చోటిచ్చారు.

నేను కూర్చోలేదు. మీరు కూడా లేవండి అన్నాను. ఎవరూ లేవలేదు. మేడమ్‌కి నడుం నొప్పేమో పాపం అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు, మావయ్యతో సహా.

జూన్ 4

ప్లాన్ తీసి చూశాను. కాగితం మీద పద్నాలుగు, పదిహేను వేరు వేరు పిల్లర్లు. మధ్యలో దారి తవ్వాలి. తవ్వనే లేదు. పక్కన చెక్కాల్సింది చెక్కనూ లేదు. రెండూ అంటుకుపోయి ఒకటే మహా పిల్లర్ అయి కూర్చుంది.

ఎందుకు తవ్వలేదని సర్వేవాళ్ళని అడిగితే, మీ మావయ్యనే అడుగు అన్నారు. నేనెవరికీ చెప్పలేదే, మీకెలా తెలుసు అన్నాను. ముక్కు చూస్తే తెలియడం లేదా అన్నారు.

జూన్ 5, బుధవారం

ఈ రోజు గెరిట్ ముందు నోరు పెగల్లేదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడైనా చెప్పుకుంటాను.

పిల్లర్ గట్టిగా ఉందని ఏడ్చే ఇంజనీర్‌ని ఇప్పుడే చూస్తున్నాను అన్నాడాయన. అది ఎప్పుడు విరుగుతుంది అని అడిగాడు. తెలియదన్నాను. ఎంత బరువు మోయగలదు అన్నాడు. కచ్చితంగా తెలియదన్నాను. అసలు విరుగుతుందా అన్నాడు. అదీ చెప్పలేనన్నాను. మరి నీకు తెలిసిందేమిటో చెప్పు అన్నాడు.

తెలిసింది ఇదీ. జోహన్నెస్‌బర్గ్‌లో చదువుకునేటప్పుడు ఒకే బండలోంచి రెండు ముక్కలు కోసి నొక్కి చూశాం. మొదటి ముక్కని మెత్తటి మెషీన్‌లో పెట్టాం. అలాంటి మెషీన్ తనూ స్ప్రింగులా వంగి, బలమంతా లోపల దాచుకుంటుంది. రాయి ఓడిపోయిన క్షణాన ఆ దాచిందంతా తెచ్చి దాని మీద గుమ్మరిస్తుంది. రాయి తుపాకీలా పేలింది. రెండో ముక్కని గట్టి మెషీన్‌లో పెట్టాం. అది ఏమీ దాచుకోదు. ఆ రాయీ విరిగింది, కానీ చప్పుడు లేకుండా విరిగింది. విరిగాక కూడా మోసింది. మునుపటంత కాదు, కొంచెం. ఇంకా నొక్కితే ఇంకా ఆ కొంచెం. గ్రాఫ్ మీద గీత కొండ దిగొచ్చి నేలబారున సాగుతూనే పోయింది. రాయి ఎలా చస్తుందో రాయి చేతిలో లేదు, చుట్టూ ఉన్నదాని చేతిలో ఉంది అని మా ప్రొఫెసర్ ఆ గీత తోక మీద వేలు పెట్టి చూపించాడు.

మా పిల్లర్లు ఆ తోకని నమ్ముకునే వదిలినవి. తవ్వే అంచు దగ్గరున్నప్పుడు చుట్టుపక్కల బండ గట్టి మెషీన్‌లా ఉంటుంది. పిల్లర్ అప్పుడే నలిగిపోవాలి. నలిగి, ఆ తర్వాత కలకాలం ఆ కొంచెం మోస్తూ కప్పుని నిలబెట్టాలి. అంచు ముందుకి జరిగిపోయాక చుట్టూ ఉన్నది మెత్తటి మెషీన్ అయిపోతుంది. అప్పటికీ నలగకుండా మిగిలిన పిల్లర్ పక్కన మనిషి కూర్చోకూడదు.

చూశావా, ఎంత బాగా వచ్చిందో. గెరిట్ ముందు మాత్రం ప్రమాదం సార్, ప్రమాదం సార్ అని రెండుసార్లు అని ఊరుకున్నాను.

జూన్ 9, ఆదివారం

మావయ్య ఫొకెంగ్‌లో మా ఇంటికి వచ్చాడు. అమ్మ మొక్కజొన్న పిండితో పప్ వండి మేక పేగుల కూర చేసింది. ఆయన రెండో ముద్దలో ఉండగా అడిగేశాను, పద్నాలుగు ఎందుకు తవ్వలేదని. అమ్మ, అన్నం దగ్గర రాళ్ళ గొడవేమిటే అంది.

బెకుముజీ పోయింది అక్కడేనట. మార్చిలో పోయాడని తెలుసు, ఆ చోటే అని తెలియదు. మ్సింగా కొండల నుంచి వచ్చిన జులూ మనిషి, మావయ్య పక్కన ఏళ్ళ తరబడి డ్రిల్లు పట్టినవాడు. మా ఇంటికి వచ్చేవాడు. అమ్మ చేసిన జొన్న బీరు తాగి నాకు జులూ తిట్లు నేర్పి, ఇవి మీ అమ్మ దగ్గర అనకు అనేవాడు. ఆ రెండు పిల్లర్ల మధ్య దారికి మొదటి రంధ్రం వేస్తుంటే కప్పులోంచి పలక ఊడి పడింది.

వాళ్ళకో పద్ధతి ఉంది. మనిషి ఎక్కడ పోయాడో అక్కడికి ఇంటివాళ్ళు ముళ్ళచెట్టు కొమ్మ తీసుకొచ్చి, పద ఇంటికి పోదాం అని పిలవాలి. అప్పుడు అతను ఆ కొమ్మ పట్టుకుని వెంట వెళ్తాడు. కొమ్మ మోసేవాళ్ళు ఇల్లు చేరేదాకా అతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడరు. పిలవకపోతే పడ్డచోటే ఉండిపోతాడు. మార్చిలో అతని భార్య తోకోజీలే, అన్న ఫకామణి వచ్చారు. గనివాళ్ళు లిఫ్ట్ దిగేచోటు వరకే రానిచ్చారు, అంతకు మించి ప్రమాదమని. అక్కడే నిలబడి పిలుచుకుని వెళ్ళారు. వీధిలో నిలబడి కేకేస్తే పెరట్లో ఉన్నవాడికి వినపడుతుందా, నువ్వే చెప్పు అన్నాడు మావయ్య.

అందుకని టీమంతా ఒక్కమాట మీద ఆ చోటు ముట్టుకోలేదు. వాడు కూర్చున్న చోట మందుగుండు పెట్టి పేలుస్తామా అన్నాడు. పక్కనుంచి తవ్వుకుంటూ ముందుకి పోయారు. ఇంటివాళ్ళు మళ్ళీ వచ్చేదాకా వాడికి తోడుగా అక్కడే తింటున్నారు.

నా మెషీన్ల కథంతా చెప్పాను. బుద్ధిగా విన్నాడు. అంటే నలిగినవి కాపాడతాయి, నలగనిది చంపుతుంది, ఇదేనా నువ్వు చదివింది అన్నాడు. ఇదే అన్నాను. ఇది నేర్చుకోవడానికా అమ్మడూ నిన్ను జోహన్నెస్‌బర్గ్ పంపాను అని ఇంకాస్త కూర వడ్డించుకున్నాడు.

ఆయన వెళ్ళాక అమ్మ గర్వంగా, చూశావా నా తమ్ముడి నిబ్బరం, బెకుముజీ పోతే ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు అంది. ఎంక్వైరీకి సాక్షి కావాలని అంత్యక్రియలకి కూడా వెళ్ళనివ్వలేదట. మర్నాడే షిఫ్ట్‌కి దిగాడట. నాకు ఆ నిబ్బరం చూస్తే భయమేసింది. ఎందుకు భయమో రాస్తే చదువు తలకెక్కింది అంటారు. ఎవరు చదువుతారు గనక, అయినా రాయను.

జూన్ 11

కప్పు ఎంత దిగుతోందో కొలిచే మీటర్లు పెట్టాను. కప్పు రోజూ కాస్త కాస్త దిగుతోంది. నలిగిన పిల్లర్లు టప్ టప్‌మని పెచ్చులు రాలుస్తూ దానితో పాటే దిగుతున్నాయి. పద్నాలుగు దగ్గర ఏ కదలికా లేదు, చప్పుడు లేదు. అది దాచుకుంటోందని నా చదువు చెబుతోంది. అది నిజంగానే గట్టి రాయి, నీ మొహం అని నా కళ్ళు చెబుతున్నాయి.

జూన్ 13, గురువారం

ఆరో ప్యానెల్ ఆపాలని నిన్న రిపోర్ట్ ఇచ్చాను. గెరిట్ చదివి, నలిగిన పిల్లర్ల పక్కన మనుషుల్ని పంపమంటావు, గట్టి పిల్లర్ పక్కన వద్దంటావు, ఇది పై ఆఫీసులో చెబితే నన్ను డాక్టర్ దగ్గరికి పంపుతారు అన్నాడు. చివరికి బేరం కుదిరింది. ప్యానెల్ నడుస్తుంది, పద్నాలుగు చుట్టూ ఎర్ర టేపు కడతారు, ఎవరూ దాటకూడదు.

ఈ పొద్దున టేపు కట్టారు. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే అందరూ టేపు కింద దూరి మామూలుగానే తింటున్నారు. మావయ్య చెమట చొక్కా విప్పి ఆ టేపు మీదే ఆరేశాడు.

జూన్ 14

రాయి ఇంకా కదల్లేదు. బహుశా తప్పు నాదేనేమో.

జూన్ 17, సోమవారం

యూత్ డే ఆదివారం పడిందని ఈ రోజు సెలవు. అమ్మ చర్చి ఆడవాళ్ళ మీటింగ్‌కి పోయింది. నేను తోకోజీలేకి ఫోన్ చేశాను. నంబర్ మావయ్య ఫోన్‌లోంచి ఆదివారమే తీసుకున్నాను, దొంగలా.

నా పేరు ఒనలెన్నా అని, రపులా మేనకోడలినని చెప్పాను. తిట్లు నేర్చుకున్న పిల్లవేనా అంది. అతను ఇంట్లో చెప్పాడన్నమాట. మా ఆయన ఇంకా ఇంటికి రాలేదమ్మా అంది. కొమ్మ తెచ్చి చూరులో పెట్టారట, మేకని కోశారట. అత్తగారికి గానీ తనకి గానీ పిల్లలకి గానీ ఒక్క కల లేదట. ఖాళీ కొమ్మ మోసుకొచ్చినట్టున్నాం అంది. ఏడవలేదు. ఊరి బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పింది.

మళ్ళీ రండి, ఈసారి ఆ చోటికే తీసుకెళ్తాను అన్నాను. ఆ పిల్లర్ దగ్గర మనిషి మసలకూడదని రాసిందీ నేనే, ఇప్పుడు రావచ్చని సంతకం పెట్టాల్సిందీ నేనే.

జూన్ 20, గురువారం

పెట్టాను.

గెరిట్ ముందు ఎగిరిపడ్డాడు. మొన్న ప్యానెలే ఆపమన్నావు, ఇప్పుడు ఒక ఆడమనిషినీ ఒక ముసలాయన్నీ అక్కడికే పాకించుకుంటూ తీసుకెళ్తానంటావు, నీ రెండు మాటల్లో నేను ఏది నమ్మాలి అన్నాడు. రెండూ నమ్మండి అన్నాను. నలుగురం కాసేపు వెళ్ళొస్తే, టీము మొత్తం ఇక ఎప్పటికీ అక్కడ కూర్చోదు. నా టేపు చేయలేని పని ఆ కొమ్మ చేస్తుంది. లెక్క సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉన్న లెక్క వేసుకుని తోకోజీలే మీద రాయి పడితే అప్పుడేం చేస్తానో ఆ లెక్కలో లేదు.

మా నాన్నా గనిలోనే పోయాడు, మేం చర్చిలో ప్రార్థన చేసుకున్నాం గానీ రాళ్ళతో మాట్లాడలేదు అన్నాడు గెరిట్. కాగితం నా వైపు నెట్టాడు. మళ్ళీ తనే, శనివారం పెట్టుకో, బ్లాస్టింగ్ ఉండదు అన్నాడు. ఈ మనిషి నాకు అర్థం కాడు.

జూన్ 22, శనివారం

వరసగా రాస్తాను.

తోకోజీలేకి ఇచ్చిన ఓవరాల్ ఇద్దరు పట్టేంత ఉంది. హెల్మెట్ కింద నల్ల గుడ్డ కట్టుకుంది. ఫకామణి పెద్దాయనకి మోకాళ్ళు సరిగ్గా లేవు, అయినా నా ప్యాడ్లు ఇస్తే వద్దన్నాడు. ముందు మావయ్య, వెనక నేను, తర్వాత వాళ్ళు. పాకుతున్నంతసేపూ నేను కప్పునే చూస్తున్నాను. తోకోజీలే మాత్రం నేలని చూస్తూ వచ్చింది, తన భర్త అడుగులేమైనా కనపడతాయేమో అన్నట్టు.

పిల్లర్ దగ్గర ఫకామణి మోకరిల్లి కొమ్మని రాయికి ఆనించాడు. వాళ్ళ వంశం పేర్లు వరసగా చెప్పాడు. తర్వాత మామూలు గొంతుతో, తమ్ముడూ, మొన్న పొరపాటైంది, గుమ్మంలో నిలబడి కేకేసి వెళ్ళిపోయాం, ఇప్పుడు నీ దగ్గరికే వచ్చాం, పద, ఆవులు నిన్నడుగుతున్నాయి అన్నాడు. తోకోజీలే చెయ్యి చాచి రాయిని తడిమింది, జ్వరం చూసినట్టు.

అప్పుడు వచ్చింది చప్పుడు. పిల్లర్ లోపల్నుంచి. బరువైన మూట ఎవరో కింద పడేసినట్టు. చెవుల కంటే ముందు మోకాళ్ళకి తెలిసింది. కప్పులోంచి దుమ్ము రాలింది. బయటికి పదండి అని అరవాలి. కొమ్మ చేతిలో ఉన్న మనిషిని తొందరపెట్టకూడదని ముందే చెప్పారు. నేను ఈ గనిలో రాళ్ళకి పూచీ ఉన్నదాన్ని, మర్యాద కోసం నోరు మూసుకుని కూర్చున్నాను.

ఫకామణి తొణకలేదు. కొమ్మ ఎత్తుకుని వెనక్కి తిరిగి, సరే, ఇలా రా, తల జాగ్రత్త, ఇక్కడ కప్పు కిందికుంది అన్నాడు. తల జాగ్రత్త అని ఆ మనిషికి చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

దారంతా చెబుతూనే ఉన్నాడు. ఇక్కడ మెట్టుంది. ఇప్పుడు తాడుకి వేలాడే కుర్చీ ఎక్కుతున్నాం, గట్టిగా పట్టుకో. ఇప్పుడు లిఫ్ట్. ఇదిగో ఎండ. గేటు దగ్గర గార్డు కార్డు అడిగితే పలకలేదు, నేనే జవాబు చెప్పుకున్నాను. టాక్సీలో కిటికీ పక్క సీటు బెకుముజీకి. దాని మీద కొమ్మ పెట్టి తలుపు వేశారు. తోకోజీలే నాకు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు, చెప్పకూడదు. కళ్ళతో చూసింది.

టాక్సీ మలుపు తిరిగాక మావయ్య, చప్పుడు విన్నావుగా, రానన్నాడు అన్నాడు. వస్తున్నా అన్నాడేమో అన్నాను. వాడి సంగతి నీకేం తెలుసు, అవునన్నప్పుడు వాడు మాట్లాడడు, కాదన్నప్పుడే గొడవ చేస్తాడు అన్నాడు. ఆ చప్పుడుకి నా దగ్గర మూడో అర్థం ఉంది. ఆయన వినే స్థితిలో లేడు, నేను చెప్పే స్థితిలోనూ లేను.

జూన్ 24, సోమవారం

పద్నాలుగు మీద వెంట్రుకంత పగులు కనిపించింది, పై మూలన.

టీమంతా తిండి డబ్బాలు పట్టుకుని, కూర్చోడానికని కింద కట్టిన వెయిటింగ్ ప్లేస్‌కి పోయారు. వాడు వెళ్ళిపోయాడుగా, ఇంక అక్కడేం పని అన్నారు. ఎగిరి గంతేయాలనిపించింది. వెనక్కి వస్తూ చూస్తే మావయ్య ఒక్కడే పిల్లర్‌కి చేరబడి తింటున్నాడు.

జూన్ 25, మంగళవారం

పోట్లాడాను. అక్కడే, రాయి ముందే. మేడమ్ లేదు, సార్ లేదు. నువ్వు పోతే అమ్మకి నేనేం సమాధానం చెప్పాలి అని అరిచాను. ఆయన అరవలేదు. పలక పడినప్పుడు నేను నీళ్ళ పైపు తిప్పడానికి వెళ్ళానే పిల్లా, వెంటనే వస్తానని చెప్పి వెళ్ళాను, ఇప్పుడు మళ్ళీ వాణ్ణి ఒక్కణ్ణే వదిలేసి అన్నానికి పొమ్మంటావా అన్నాడు. ఇంత మాట ఆయన ఎంక్వైరీలో కూడా చెప్పి ఉండడు.

ఈయన్ని వేరే ప్యానెల్‌కి మార్చండి అని గెరిట్‌ని బతిమాలాను. వచ్చే నెల చూద్దాం అన్నాడు. మార్చినా తిండివేళకి ఇక్కడికే వస్తానని మావయ్య ముందే చెప్పేశాడు.

సాయంత్రం తోకోజీలేకి ఫోన్. వచ్చాడా అని అడిగాను. రాలేదు అంది. ఉన్న సంగతంతా చెప్పి, మావయ్యతో ఒక్కమాట వచ్చాడని చెప్పవా, ఆయన ప్రాణం దక్కుతుంది అన్నాను. రాని మనిషిని వచ్చాడని చెప్పేస్తే, నిజంగా వచ్చిన రోజు తలుపు ఎవరు తీస్తారమ్మా అంది. కోపంగా అనలేదు. నాకు సిగ్గేసింది.

జూన్ 26, బుధవారం

నేనే చెప్పాను.

తోకోజీలే ఫోన్ చేసింది మావయ్యా, ఆదివారం కలలో వచ్చాడట అన్నాను. నములుతున్నవాడల్లా ఆగాడు. ఏమన్నాడట అని అడిగాడు. అది ముందు ఆలోచించుకోలేదు. టీ అడిగాడట అన్నాను. చక్కెర ఎంత వేసిందట అన్నాడు. మా ఇంట్లో ఆ మనిషికి టీ కలిపి ఇచ్చింది నేనే కాబట్టి బతికిపోయాను. నాలుగు చెంచాలట, ఇంకా చాల్లేదన్నాడట అన్నాను.

మావయ్య నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు. తర్వాత పిల్లర్ మీద అరచెయ్యి వేసి, ఓహో, టీ తాగావన్నమాట, నాతో ఒక్కమాటైనా చెప్పకుండా పోయావన్నమాట అన్నాడు. డబ్బా మూత పెట్టుకుని కిందికి పాకుతూ వెళ్ళిపోయాడు. ఆయన్ని అక్కణ్ణించి లేపానని ఒకవైపు సంతోషం. చనిపోయిన మనిషి నోట అబద్ధం పెట్టానని ఒకవైపు దిగులు. అన్నం తినకుండా పడుకుంటున్నాను. అమ్మ కారణం అడిగితే గ్యాస్ అన్నాను.

జూన్ 28, శుక్రవారం

మధ్యాహ్నం. పేలింది.

అందరూ కింద వెయిటింగ్ ప్లేస్‌లోనే ఉన్నారు, అందరూ. మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. మావయ్య టీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు, అందులో టీ కంటే దుమ్మే ఎక్కువ.

రాత్రి. ముందు గాలి వచ్చింది, తర్వాత చప్పుడు. లేక చప్పుడే ముందేమో. టోపీ లైట్లు దుమ్ములో కనపడలేదు. ఎవరో దగ్గుతూ రపులా, రపులా అని కేకలేశారు, ఆయన ఇక్కడే ఉన్నానురా, చెవులు పగిలేలా అరవకు అని కసిరాడు. ఆ కసురు విన్నాక తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. గెరిట్ వచ్చి భుజం తట్టి, నువ్వు చెప్పిందే జరిగింది అన్నాడు. నేను చెప్పింది తెలియదనే కదా.

జూన్ 29, శనివారం

లోపలికి వెళ్ళి చూడాలి. మావయ్య తనూ వస్తానన్నాడు. వద్దనలేకపోయాను.

వాళ్ళ వీపులు ఆనే చోట ఇప్పుడు రాళ్ళ గుట్ట, కప్పు దాకా. పిల్లర్ సగానికి పైగా ఎగిరిపోయింది. మిగిలింది నిలువెల్లా చీలికలు. మీటర్ చూశాను. కప్పు ఒక్కసారిగా దిగి, ఆగింది. ఇప్పటికీ ఆగే ఉంది. ఆ తుక్కే మోస్తోంది.

ఇప్పుడు దీన్నెవరు మోస్తున్నారే అన్నాడు మావయ్య. ఇదే మోస్తోంది మావయ్యా, నలిగిపోయాక మోసేది ఇంతే, ఇది చాలు అన్నాను. ఆయన ఒక రాయి తీసి చేతిలో పెట్టుకున్నాడు. నీళ్ళ పైపు తిప్పడానికి వెళ్ళాను అంతే, అంతే కదా అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు. ఆ పెద్దమనిషి, మీటరు ఎత్తు బొరియలో ముడుచుకుని, పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఊరుకోమనలేదు. ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాను.

బయటికొస్తూ, టీ సంగతి నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. రెండోసారి తేలిగ్గా వచ్చింది. అదే నాకు నచ్చలేదు.

జూన్ 30, ఆదివారం

తోకోజీలే ఫోన్ చేసింది. శుక్రవారం రాత్రి వచ్చాడట. జుట్టు నుంచి కాళ్ళ దాకా దుమ్మట. ఇంత ఆలస్యమేమిటని అడిగిందట. రపులాని ముందు పంపించి వచ్చాను అన్నాడట.

పిల్లర్ పేలిన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేనింకా చెప్పలేదు.